టాంకుబండుపై నిలిచి గాలిని చూచుట

అశోక్‌నగర్ సందులలో, ఒక గదికి నాలుగైదు మంచములు ఇరికించిన హాస్టళ్లలో బస చేయుచు, ఉదయమున చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు తలుపులు తెరువకమునుపే సంచి భుజమున వేసికొని వాకిట నిలిచి, రాత్రి మెస్సు మూయువేళకు పరుగున వచ్చి, చల్లారిన సాంబారుతో భోజనమైన దనిపించి, మరల పోటీపరీక్షల బిట్ బ్యాంకు ముందుంచుకొని కూర్చుండు యువజనులను మనసునందుంచుకొని యీ యధ్యాయమును వ్రాయుచున్నాను. వారికి ఉపదేశకుల కొరత యెన్నడును లేదు. కోఠి కాలిబాటలపై పాతపుస్తకముల గుట్టలలో వ్యక్తిత్వ వికాస గ్రంథములు సగము వెలకే దొరకుచున్నవి. తెల్లవారుజామున లేచుట యెట్లు, లక్ష్యమును గోడపై వ్రాసికొనుట యెట్లు, ఓటమినుండి తేరుకొనుట యెట్లు అనునవి యన్నియు వానిలో నున్నవి. తన చేతిలో లేనిదానిని కోపము లేక, భయము లేక, శ్రద్ధతో చూచుట యెట్లో మాత్రము వానిలో నాకు కనబడలేదు. ఆ విద్యకు పుస్తకముకంటె మేలైన పాఠశాల మన బస్తీలకు నడకదూరముననే కలదు. ఏటేట వానకాలమున, జూలై నెలలోనో ఆగస్టు మొదటనో, హుస్సేన్‌సాగరమున తెరచాప పడవల పందెములు జరుగును. ఆ పందెములు జరుగు వారములో ఒక మధ్యాహ్నమును వానికి కేటాయింపుడని నా మనవి.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. సంసారమును సాగరముతోను, దేహమును నావతోను, గురువును కర్ణధారునితోను పోల్చుట మన వేదాంతులును హరికథకులును ఏనాడో చేసి ముగించిరి. ఆ పోలికలో నిక పిండుటకు రసము మిగులలేదు. కాబట్టి పందెమును చూచి, ‘నేనును ఒక నావనే’ యని నోటుపుస్తకమున వ్రాసికొని వచ్చువానికి పోయివచ్చిన శ్రమ తప్ప వేరొక ఫలము లేదు. పడవను పడవగానే చూడవలెను, గాలిని గాలిగానే చూడవలెను. చూపునకు కలుగు శిక్షణయే యిచ్చటి లాభము.

చిక్కడపల్లినుండి పోవువారు అశోక్‌నగర్ మీదుగా ఇందిరాపార్కు ప్రక్కనుండి దిగువ టాంకుబండు చేరి, కట్టమైసమ్మ గుడి దగ్గర ఒక నిమిషము నిలిచి, పిదప కట్టమీదికి పోవచ్చును. నారాయణగూడవారికి హిమాయత్‌నగర్, లిబర్టీల మీది దారి దగ్గర. నేను మాత్రము మొదటి దారినే మెచ్చుదును. ఏలయన, దిగువ రోడ్డున నడచునపుడు, మన ప్రక్కనున్న ఆ మట్టికట్టకు ఆవల మన తలలకంటె ఎత్తున ఒక చెరువు నిలిచియున్నదన్న సంగతి కాళ్లకు తెలిసివచ్చును. చెరువుకట్టను కాచు తల్లికి కట్టపైననో కట్టక్రిందనో గుడి కట్టుట తెలంగాణపు పూర్వాచారము. 1562 ప్రాంతమున, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా యేలుబడిలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున ఈ కట్ట లేచినది; మూసీనుండి కాలువ త్రవ్వి నీరు పారించిరి. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. అనగా, చెరువు ఊరికంటె సుమారు ముప్పది యేండ్లు పెద్దది.

తెలుగువారికి నావ కొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాప కొయ్యల నావ ముద్రితమై యున్నది. ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో దానిని రాజులు స్వాధీనము చేసికొను పాత దురాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గ్రహింతునని గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. కోరంగిలో ఓడలు కట్టు పరిశ్రమ వర్ధిల్లి, 1839 నాటి ఘోరమైన తుపానుతో కుదేలైనది. ఇంత సముద్రచరిత్ర కలిగియు, నావను వర్తకమునకును వేటకును వాడుకొన్న మనము వినోదమునకు వాడుకొన్నది తక్కువ. అలలు నేరుగా వచ్చి విరుచుకొనిపడు తీరమున, దినదినమును తెప్పవేసికొని పోయి ప్రాణముతో తిరిగివచ్చుటయే పందెమైన బెస్తవారికి వేరొక పందె మేల? అందుచేత కాబోలు, తెలుగుదేశమున ఏటేట క్రమము తప్పక జరుగు తెరచాప పందెములకు పేరుపడిన స్థలము సముద్రతీరము కాక, సముద్రమునకు మూడువందల కిలోమీటర్ల ఎడముననున్న ఒక చెరువు అయినది.

దీనికి కారణము ఉత్తరపు గట్టు. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన సికింద్రాబాదు దండు అచ్చటనే యున్నది. దండుతో దొరలు, దొరలతో పడవలు వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము ఆ వ్యసనమును నిలిపినది మన సైన్యము. అందును విశేషముగా తిరుమలగిరిలోని సైనిక యంత్రవిద్యా కళాశాలవారు. వారి ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాదు సెయిలింగ్ క్లబ్బు, లేజర్ అను ఒంటిమనిషి పడవల తరగతి సంఘము కలిసి నడుపుచున్న ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ మూడు దశాబ్దములకు పైబడి సాగుచున్నది. దీనికి తోడు హైదరాబాద్ యాట్ క్లబ్బువారు పిల్లలకొరకు ‘మాన్‌సూన్ రెగట్టా’ యను మరొక పోటీని నడుపుదురు. ఎండలు కాయు మే నెలలో కాక, ముసురు పట్టు జూలైలో వీరు పోటీలు పెట్టుకొనుట చూచి నగరవాసులు కొందరు నవ్వుదురు. నైరృతి ఋతుపవనము దక్కను పీఠభూమిపై పడమటనుండి వీచు మాసములవి. పడవకు వాన యెన్నడును అడ్డు కాదు, గాలి లేకుండుటయే అడ్డు.

ఇట్టి పందెములకు లోకమున మొదలెక్కడ అని యడుగువారికి సాధారణముగా చెప్పు కథ ఇంగ్లండుది. 1661 అక్టోబరు నెలలో రెండవ చార్లెసు రాజును, అతని తమ్ముడైన యార్కు ప్రభువును, నూరు పౌనుల పందెమొడ్డి, థేమ్సు నదిపై గ్రీనిచ్ నుండి గ్రేవ్స్ఎండ్ వరకు పోయి తిరిగివచ్చిరి. పోవునపుడు గాలి యెదురై రాజు ఓడెను, తిరుగుదారిలో గెలిచెను. దేశమంతయు తన యాజ్ఞకు లోబడియుండగా గాలియొక్కటి లోబడకుండుటను రాజు బహిరంగముగా అంగీకరించిన సందర్భ మది. పందెమునకంటె నాకు ఆ యంగీకారమే ముచ్చటగా తోచును.

సముద్రతీరము వెంట సాగు వార్షిక పందెములలో నేడు మిక్కిలి పేరుగన్నవానిలో నొకటి ఆస్ట్రేలియాలోనిది. 1945లో సిడ్నీలో కొందరు పడవకాండ్రు క్రిస్మసు సెలవులలో హోబర్టువరకు విహారముగా పోవ తలచిరి. అప్పుడచ్చట ఉద్యోగమున నున్న జాన్ ఇలింగ్‌వర్త్ అను బ్రిటిషు నౌకాదళాధికారి, పోనున్న ప్రయాణమును పందెముగా నేల మార్చరాదని యడిగెను. డిసెంబరు 26న తొమ్మిది పడవలు బయలుదేరినవి. పెద్దగాలి లేచినపుడు కొన్ని ఒడ్డు చేరి ఆగినవి, కొన్ని తెరచాపలు దించినవి. ఇలింగ్‌వర్తు పడవ ఎవరికిని కనబడక మునిగిపోయెనేమోయని జనము భయపడుచుండగా, అదియే అందరికంటె ముందు హోబర్టు చేరెను. ఆ పడవ పేరు ‘రాణి’. అప్పటినుండి సాధారణముగా ఏటేట డిసెంబరు 26ననే, 628 నాటికల్ మైళ్ల ఆ పందెము మొదలగుచున్నది. సిడ్నీ రేవు గుట్టలపై వేలకొలది జనము చేరి చూతురు. అచ్చట విజేతలు ఇద్దరు. అందరికంటె ముందు గమ్యము చేరిన పడవ కొక గౌరవము. పడవ పొడవు, బరువు, తెరచాపల విస్తీర్ణము లెక్కకట్టి, కాలమును సవరించి చూడగా మిన్నయని తేలిన పడవకు అసలు కప్పు. రెండవది దక్కుట మొదటిదానికంటె ఘనమని పడవవారి మతము. ఈ పందెమున వినోదమే కాదు, విషాదమును కలదు: 1998లో 115 పడవలు బయలుదేరగా, తుపానులో చిక్కి, గమ్యము చేరినవి 44 మాత్రమే, ఆరుగురు మరణించిరి.

హుస్సేన్‌సాగరమున అంతటి ప్రాణభయము లేదు గాని, లోపము వేరొకటి కలదు: అది వాసన. కూకట్‌పల్లి నాలా దశాబ్దములుగా తెచ్చి పోసిన మురుగు సంగతి ఎరుగని నగరవాసి లేడు. గాలి బలముగా వీచు దినమున వాసన తగ్గుట యొక విచిత్రము. ఈ నీటిలో పడి, లేచి, మరల పడవ యెక్కు పిల్లల నోర్పునకు నేను చేతులు జోడింతును. వారినట్టి నీటికి వదలిన పౌరసమాజమును మాత్రము క్షమింపజాలను.

ఇక నిలువవలసిన చోటు. కట్ట చెరువునకు తూర్పువైపున నున్నది. వానకాలపు గాలి పడమటినుండి వచ్చును. కట్టపై పిట్టగోడ దగ్గర నిలిచినవానికి గాలి నేరుగా ముఖమునకు తగులును. అదియే మొదటి పాఠము. పడవలకొరకు వెదకకుడు, కన్నులు మూసికొని, గాలి ఏ చెక్కిలికి ఎక్కువగా తగులుచున్నదో చూచుకొనుడు. పిదప కన్నులు తెరచి, వాయవ్యమున సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న నెత్తిన 291 అడుగుల స్తంభముపై జెండా యెగురుచున్నయెడల, అది ఏ దిక్కునకు వాలుచున్నదో చూడుడు. పై గాలియు, ముఖమునకు తగులు గాలియు ఒకే దిక్కున నుండవలెనన్న నియమము లేదు. తరువాత నీటివైపు చూడుడు. గాలితెర పడినచోట నీరు ముడుతలు పడి నల్లబడును. గాలి చచ్చినచోట నూనె పోసినట్లు నునుపుగా మెరయును. ఆ నల్లని మచ్చలు పడమటి గట్టునుండి మెల్లగా మనవైపు ప్రాకుచు వచ్చును. ఖైరతాబాదువైపు మేడల సందులలోనుండి వచ్చు గాలి ఒక తీరున, నడుమనున్న బుద్ధవిగ్రహమునకు ఆవలినుండి వచ్చునది మరొక తీరున నుండును. 1990 మార్చిలో పడవపై తీసికొనిపోవుచుండగా నీటమునిగి, కొందరి ప్రాణములు బలిగొని, రెండేండ్లకు పైగా చెరువడుగున పడియుండి, 1992 డిసెంబరు 1న నిలువబడిన విగ్రహ మది. గాలి మలుపులను గుర్తుపట్టుటకు కట్టపై నిలిచినవారికి దానికి మించిన గురుతు లేదు.

ఇంతవరకు పావుగంట పట్టును. ఈ పావుగంట యోపిక లేనివారు పందెము చూడబోకుండుటయే మంచిది.

ఇప్పుడు పడవను చూడుడు. లేజరు అనునది, నేడు ఐఎల్‌సీఏ అని పిలుచునది, కెనడా దేశీయుడైన బ్రూస్ కిర్బీ గీసిన పడవ. 1971నుండి అమ్మకమునకు వచ్చి, 1996నుండి ఒలింపిక్సున చేరినది. పొడవు 4.23 మీటర్లు, మనిషి యొక్కడు. దేహము అందరికిని ఒకటే. తెరచాపలు మాత్రము మూడు కొలతలు, పెద్దది ఏడు చదరపు మీటర్లు. పందెగాండ్ర పడవలన్నియు ఒకే అచ్చున పోసినవి యగుటచేత, సముద్రపు పందెములందువలె కాలమును సవరించు లెక్క యిచ్చట నక్కరలేదు. ముందు వచ్చినవాడే ముందు. ఇంకను చిన్న పిల్లలకు ‘ఆప్టిమిస్టు’ అను 2.3 మీటర్ల పెట్టెవంటి పడవ కలదు. దానిని 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనునతడు పిల్లలకొరకే కల్పించెను.

పడవ గట్టునకు దగ్గరగా వచ్చినపుడు రెండు సంగతులు కనిపెట్టుడు. తెరచాపకు ఇరువైపుల అంటించిన ఊలుదారపు పోగులు: గాలి సరిగా పారుచున్నపుడు అవి రెండును గుడ్డకు అంటుకొని వెనుకకు సాగియుండును; చుక్కాని కొంచెము తప్పినను ఒకటి కిందుమీదుగా కొట్టుకొనును. పడవనడుపు పిల్లవాని కన్ను ముందున్న పడవపై కంటె ఆ పోగులపై ఎక్కువసేపు నిలుచును. రెండవది, అతని పాదములు. పడవలోని పట్టీక్రింద మడమలవరకు దూర్చి, తొడలు అంచుపై ఆనించి, నడుమునుండి పైదేహమంతయు నీటిమీదికి వెల్లకిల వాల్చును. గాలి పడవను ఒకవైపు పడద్రోయబోగా, తన బరువుతో దానిని నిలుపు పని యది. ఒక చేత చుక్కాని కఱ్ఱ, మరొక చేత తెరచాప త్రాడు. ముక్కుమీద నీరు పడినను తుడుచుకొనుటకు మూడవ చేయి లేదు.

ఆరంభము పందెమునం దంతటను చూడదగినది. పందెము నడుపు కమిటీవారి పడవపై జెండాకొయ్యకును, దూరమున తేలుచున్న ఒక బుడ్డికిని నడుమ గీసిన ఊహారేఖయే ఆరంభరేఖ. నీటిపై గీత యుండదు. పడవకు బ్రేకు లేదు. ముప్పది నలువది పడవలు ఆ కనబడని గీతవెనుక, కోఠి మహిళా కళాశాల స్టాపులో సాయంకాలపు బస్సుకొరకు ముందుకు జరుగుచు వెనుకకు తగ్గుచు నుండు జనమువలె, ఒకదాని నొకటి ఒరయుచు తచ్చాడును. అయిదు నిమిషములు మిగిలియుండగా ధ్వని యొకటి, తరగతి జెండా పైకి. నాలుగు నిమిషములున్నపుడు మరొక జెండా. ఒక నిమిషమున్నపుడు అది దిగును. మొదటి జెండా దిగిన క్షణమే పందెము మొదలు. క్షణము ముందు గీత దాటినవానికై నీలపు శిలువగల తెల్లని జెండా లేచును. అతడు వెనుకకు పోయి మరల గీత దాటవలెను. దాటినవారు పెక్కురై గుర్తింప వీలులేనిచో అందరిని వెనుకకు పిలుతురు. తొందరపాటు మానని గుంపునకు చివరి యుపాయముగా నల్లజెండా కలదు: అది యెగిరినపుడు చివరి నిమిషమున గీత ముందున్న త్రికోణములో కనబడినవాడు ఆ పందెమునకు అనర్హుడు. తొందర, ఆలస్యము రెండును దోషములే యని మనకు చిన్ననాటినుండి చెప్పినవారు కలరు. ఆ రెంటి నడుమ నున్న యెడము ఎంత సన్నమో నేను చూచినది మాత్రము ఈ అయిదు నిమిషములలోనే.

రేఖ దాటిన పడవలు వెంటనే చీలిపోవును. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి. మొదటిసారి చూచువారు ఇచ్చట చిరాకుపడుదురు: చుట్టి తిరుగవలసిన బుడ్డి గాలివచ్చు దిక్కున యెదుటనే యుండగా వీరెటు పోవుచున్నారు? గాలికి సూటిగా ఎదురు పోగల తెరచాప పడవ లేదు. గాలివచ్చు దిక్కునకు ఇటును అటును ఇంచుమించు నలువదియైదేసి డిగ్రీలు విడిచి, ఏటవాలుగా పోయి, మలుపు తిరిగి, మరల ఏటవాలుగా పోవలెను. తెరచాప ఇరువైపుల గాలి పారుటచేత పుట్టిన బలము పడవను ప్రక్కకు లాగును. నీటిలోనికి దించిన పలక ఆ ప్రక్కవాటును ఆపును. మిగిలిన బలము ముందుకు నడుపును. ఇంతవరకు యంత్రశాస్త్రము. అసలు కథ యిక మీదటిది. ఎడమకు పోయినవాడును కుడికి పోయినవాడును దూరదూరముగా నున్నంతవరకు, వారిలో ముందున్న వాడెవడో కంటికి తేలదు. ఇంతలో గాలి పది డిగ్రీలు కుడికి తిరిగెనా, కుడివైపువాడు ఏ విశేషకార్యమును చేయకయే ముందైనవాడగును. ఎడమవాడు ఏ తప్పును చేయకయే వెనుకబడును. గాలి తిరుగకమునుపే తిరుగునని నీటిమచ్చలనుబట్టి పసికట్టి అటు పోయినవాడు ప్రవీణుడు. గాలి తిరిగినపిదప, ముందున్నవాని వెంట పరుగెత్తినవానికి ఆ పాత గాలి దొరకదు; ముందువాని తెరచాప చెడగొట్టిన గాలి మాత్రము దొరకును.

ఈ చోట నా యువమిత్రులకు ఒక అభ్యాసము చెప్పుదును. ఎడమకు పోయిన పడవ నొకదానిని, కుడికి పోయినదాని నొకదానిని ఎన్నుకొని, తెరచాపపై అంకెలు వ్రాసికొనుడు. ఏది ముందు బుడ్డి తిరుగునో ఊహించి వ్రాయుడు. ఎందుకట్లు తోచినదో ఒక వాక్యము జోడింపుడు. ఆ వాక్యములో పడవ పేరుగాని పిల్లవాని పేరుగాని ఉండరాదు. గాలి మాత్రమే యుండవలెను. ఊహ తప్పుట మొదటి దినమున తప్పదు. మూడవ పందెము వచ్చుసరికి మీ కన్ను తనంతట తాను ముందున్న పడవను విడిచి పడమటి గట్టునకు పోవును. మెస్సు బల్లలవద్ద మన సంభాషణ మంతయు ‘కటాఫ్ ఎంత, ఫలానావానికి మాక్ టెస్టున ఎన్ని’ యను నంతలోనే తిరుగును. అవి పడవల లెక్కలు. ఈ యేడు ప్రశ్నపత్రపు ధోరణి ఎటు మారుచున్నది, ఏ విషయమునకు బరువు పెరిగినది, ఏది నా చేతిలో నున్నది, ఏది లేదు అని చూచుట గాలి లెక్క. రెండవది నేర్చినవాడు తప్పక ఉత్తీర్ణుడగునని నేను హామీ యియ్యను. నిద్ర మాత్రము బాగుగా పట్టును.

పందెపు నియమములలో నాకు మిక్కిలి ఇష్టమైనది శిక్షకు సంబంధించినది. ఎదురుపడిన రెండు పడవలలో కుడివైపునుండి గాలి తగులుచున్నదానికే దారి, రెండవది తప్పుకొనవలెను. తప్పుకొనక తగిలినచో, ఈల వేయుటకు నడుమ రిఫరీ యుండడు. తప్పుచేసినవాడు తానే ప్రక్కకు పోయి, పడవను రెండు చుట్లు గిరగిర త్రిప్పి, మరల పందెమున చేరవలెను. కట్టపైనుండి చూచువారికి, ఉన్నట్టుండి ఒక పడవ మతిపోయినదానివలె గుండ్రముగా తిరుగుట వింతగా నుండును. తిరుగనివాడు తప్పించుకొన్నట్లు కాదు. ఎదుటివాడు ‘ప్రొటెస్ట్’ అని కేకవేసి, సాయంకాలము ఒడ్డున విచారణకు పిలువవచ్చును. అయినను తిరుగుచున్నవారే యెక్కువమంది. పదునాలుగేండ్ల పిల్లలు, వెనుకనుండి అయిదారు పడవలు దాటిపోవుచుండగా, ఆ రెండు చుట్లు తిరుగుట చూచుటకైనను ఒక మధ్యాహ్నము వెచ్చింపదగును.

మార్కుల పద్ధతియు మనకు కొత్తగా తోచును. మొదటివానికి ఒకటి, రెండవవానికి రెండు. తక్కువ కూడినవాడే విజేత. పందెము ముగింపనివానికి పోటీలోనున్న పడవల సంఖ్యకు మరొకటి కలిపి వేయుదురు. వారమంతయు అనేక పందెములు జరుగును. నిర్ణీతసంఖ్య పూర్తియైనపిదప, ప్రతివాని ఖాతానుండి అన్నిటికంటె చెడ్డదైన ఫలితమును తొలగింతురు. ఒక దినము గాలి చచ్చుటయో, పడవ బోల్తాపడుటయో ఎవనికైనను కలుగునని ఎరిగినవారు చేసిన నియమ మిది. ఏండ్లతరబడి చదివిన చదువును రెండున్నర గంటలలో తేల్చు మన పరీక్షాపద్ధతికి ఇంతటి కనికరము లేదు. ఉండవలెనని నా యభిప్రాయము. అది వచ్చువరకు, ఆ కొట్టివేతను ఎవరికి వారు తమ లోపలి ఖాతాలో చేసికొనక తప్పదు. చెడిన ఒక్క పరీక్షను తలచుకొని సంవత్సరమంతయు పాడుచేసికొన్నవారిని అశోక్‌నగర్‌లో నేను పెక్కుమందిని ఎరుగుదును.

కట్టపై నిలిచి చూచినవారు చూచినంతలోనే యుండిపోవుదురా? కొందరు నీటిలోనికి దిగిరి. చెరువునకు ఉత్తరముననున్న రసూల్‌పురా బస్తీల బడిపిల్లలకు యాట్ క్లబ్బువారు ఈ విద్య నేర్పగా, ఆ పిల్లలలోనుండి వచ్చిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో, 470 అను ఇద్దరు నడుపు పడవల తరగతిలో, భారతదేశము పక్షమున పాల్గొన్నది. అంతకు మునుపు, 2017 సెప్టెంబరు 10న గోవానుండి ‘తారిణి’ యను 56 అడుగుల తెరచాప పడవపై ఆరుగురు నౌకాదళ స్త్రీలు భూప్రదక్షిణమునకు బయలుదేరి, 254 దినములకు, 2018 మే 21న గోవా చేరిరి. వారిలో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు పిల్ల, పి. స్వాతి విశాఖపట్నపు పిల్ల. దాటినది ఇరువదియొక్క వేల ఆరువందల నాటికల్ మైళ్లు. మన ఇండ్లలో ఆడపిల్లను చెరువుగట్టునకు ఒంటరిగా పోనీయని తల్లిదండ్రులు ఈ పేర్లను ఒకసారి గట్టిగా పలికి చూడవలెను.

పోదలచినవారికి కొన్ని వ్యవహారపు మాటలు. పత్రికల క్రీడాపుటలలో జూలై ఆరంభమునుండి తేదీలు కనబడును. గట్టునుండి చూచుటకు టిక్కెట్టు లేదు. పోటీ మొదటి దినమున కంటె రెండవ, మూడవ దినములలో పొండు. అప్పటికి ఏ పడవ ఎట్టిదో పట్టికలో తెలియును, మీ యూహలకు ఆధారము దొరకును. గాలి నిలుకడకు రాక, ఎఱుపు తెలుపు చారల జెండా యెగురవేసి గంటలతరబడి పందెమును వాయిదావేయుటయు కలదు. అది చూచి తిరిగిరాకుడు, నీటిమీది మచ్చలను చూచుచుండుడు. గొడుగు వలదు, కట్టపై గాలికి అది తిరుగబడును. తల కప్పు రెయిన్‌కోటు మేలు. దూరదర్శిని యెవరివద్దనైన నెరవు దొరకినచో తెచ్చుకొనుడు. ఒక్కరు పొండు, లేక ఎక్కువ మాటలాడని మిత్రునితో పొండు. సెల్‌ఫోనున చిత్రములు తీయబోకుడు. అంతదూరపు పడవలు అందులో చుక్కలుగా పడును. బుడ్డి తిరిగిన వరుసను మీరు వ్రాసికొన్నను, అదే తుదిఫలితమనుకొనకుడు: సాయంకాలము సికింద్రాబాదు ఒడ్డున ఫిర్యాదుల విచారణలు ముగియువరకు ఆ పట్టిక మారుచునే యుండును.